జెలటినా, చైనా గ్రాసా? మధ్యలో ఈ కోషర్ ముద్ర ఒకటి

అమెరికా నించి వచ్చే ప్రతి సూట్‌కేసులో చాక్లెట్ల పక్కన ఒక మార్ష్‌మాలో (దూదిలా మెత్తగా సాగే మిఠాయి) ప్యాకెట్ ఉంటది, ఆ వెనకే నాకు ఫోన్ వస్తది. "అక్కా, ఇందులో జెలటిన్ అని రాసుంది, కానీ కోషర్ ముద్ర కూడా ఉంది, అంటే వెజ్జే గదా, మా అత్తమ్మకి పెట్టొచ్చా?"

పెట్టబాక. జెలటిన్ అంటేనే జంతువుల తోలు, ఎముకల్లో ఉండే కొల్లాజెన్‌ని ఉడికించి తీసింది, పందిదో గొడ్డుదో చేపదో అవుద్ది, చెట్టు నించి వచ్చే జెలటిన్ అనేదే లేదు. వెజ్ జెలటిన్ అని అమ్మేది చైనా గ్రాసో క్యారగీననో (రెండూ సముద్రపు నాచు నించి తీసేవే) ఇంకోటో అయ్యుంటది. కోషర్ అనేది యూదుల తిండి నియమం, మన శాకాహారంతో దానికి చుట్టరికం లేదు. రెక్కలూ పొలుసులూ ఉన్న చేప వాళ్లకి కోషరే (రొయ్య మాత్రం పనికిరాదంట, మన నెల్లూరు ఏమైపోవాల!), ఆ చేప జెలటిన్‌తో చేసిన మార్ష్‌మాలోకి కోషర్ ముద్ర దర్జాగా పడుద్ది. పక్కన పారెవ్ అనుంటే మాంసం, పాలు లేవని మాత్రమే అర్థం, చేపా గుడ్డూ ఉండొచ్చు. ఇంక గొడ్డు జెలటిన్ దగ్గర వాళ్లలో వాళ్లకే కుదరదు, పశువుని వాళ్ల పద్ధతిలోనే కోసుండాలని కొందరు రబ్బీలు (యూదుల మత గురువులు), అంతగా మారిపోయినాక అది మాంసం కిందకి రాదని ఇంకొందరు. సున్నాలో యూ అక్షరం ముద్ర వేసే ఆర్థడాక్స్ యూనియన్ అనే సంస్థది మొదటి పక్షం. ఉత్త కే అక్షరం ఒక్కటే ఉంటే అది ఎవరి సొంత ముద్రా కాదు, వేసింది ఎవరో కనుక్కోవాల్సిందే. మన తెలుగోళ్లలోనూ యూదులు ఉండారు, చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ వాళ్లు, ఈ లెక్కలు వాళ్లకి పనికొస్తాయి, మీ అత్తమ్మకి కాదు.

సరే, ఇంట్లో జెల్లీ చేసుకోడానికి ఏది మేలు అంటే, నా వరకు తేల్చేది రుచి కాదు, ఆ ప్లేటు పట్టుకోని ఎంతమంది ముందుకి పోగలం అనేదే. పోయిన మే నెలలో మా చిన్నోడి పుట్టినరోజుకి జెలటిన్ పొడి తెచ్చి మామిడిపండు జెల్లీ చేశా. పై వాటా శెట్టిగారి పిల్లలు ముట్టుకోలా, ఎదురింటి షేక్ భాయ్ కొడుకేమో హలాలో కాదో అని వాళ్లమ్మ మొహం చూస్తా నిలబడ్డాడు. ఆ రెండిళ్లకీ నేను ముందే ఆలోచించుండాల్సింది, సిగ్గేసింది. దానికితోడు కరెంటు పోయింది, జెలటిన్ 35 డిగ్రీల లోపే కరుగుద్ది, మన నెల్లూరు ఎండకి అదెంతసేపు, కేకు కోసేలోపే గిన్నెలో మామిడి రసం.

చైనా గ్రాస్‌కి ఈ బాధ లేదు. సముద్రపు ఎర్ర నాచు నించి తీస్తారు, తమిళోళ్లు కడల్‌పాసి అంటారు, ఫ్రిజ్ లేకపోయినా గడ్డకడుద్ది, ఒకసారి గడ్డకడితే మళ్లీ 85 డిగ్రీల దాకా కరగదు. అర లీటరు పాలకి 5 గ్రాములు చాలు, కాకపోతే ముందు నీళ్లలో పూర్తిగా కరిగేదాకా మరిగించి వేడి పాలల్లోనే కలపాలి, చల్లటి పాలు పోశారా ఉండలు కట్టుద్ది. పచ్చి పైనాపిల్ వేస్తే జెలటిన్ గడ్డకట్టనే కట్టదు, దీనికి ఆ పట్టింపు కూడా లేదు. ఒకటి ఒప్పుకోవాల, నోట్లో పెట్టగానే కరిగే ఆ మెత్తదనం మాత్రం జెలటిన్‌దే, చైనా గ్రాస్ కొరికితే పుటుక్కున విరుగుద్ది. మార్ష్‌మాలో సాగుడు దీంతో రాదు, నేను రెండుసార్లు చేసి చేతులెత్తేశా.

పెక్టిన్ అంటే పండ్లది, జామ్‌లకీ కొన్ని గమ్మీలకీ బాగుంటది. క్యారగీనన్ కూడా నాచుదే, మన దగ్గర దొరికే వెజ్ జెల్లీ పొడి ప్యాకెట్లలో చాలా వాటిలో అదే.

మన దగ్గర కొన్న ప్యాకెట్‌కైతే పచ్చ చుక్కో బ్రౌన్ త్రిభుజమో ఉంటది, పాత ప్యాకెట్లలో బ్రౌన్ కూడా చుక్కే. సూట్‌కేసులో వచ్చినదానికి ఆ గుర్తులుండవు, పదార్థాల లిస్టు చదవాల్సిందే. అమెరికా ప్యాకెట్ మీద పేర్లే ఉంటాయి, చైనా గ్రాస్‌ని అగార్ అని రాస్తారు. మన ప్యాకెట్ల మీద నంబర్లు కూడా వేస్తారు, 406 అంటే చైనా గ్రాస్, 407 క్యారగీనన్, 440 పెక్టిన్. మందుల మీద కూడా ఆ చుక్క ఉండదు, క్యాప్సూల్ తొడుగు ఎక్కువగా జెలటినే, పట్టింపు ఉంటే మందు మానెయ్యబాకండి, వేరే రూపంలో ఉందేమో డాక్టర్ని అడగండి.

ఇంక ఆ మార్ష్‌మాలో ప్యాకెట్ ఏం చెయ్యాలంటారా, చేపదైతే మా ఇంటికి పంపండి, మేం పులుసు తినేవాళ్లమే.