రేవులో ఆగిన అమ్మాయి, ఊరు దాటిన అమ్మాయి

కోటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కోసం నిలబడినప్పుడల్లా నాకు ఎవెలిన్ గుర్తొస్తుంది. ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ 1904లో రాసిన కథ ఇది, తర్వాత 1914లో 'డబ్లినర్స్' కథల సంపుటిలో చేరింది. ఎవెలిన్ 19 దాటిన పిల్ల. ఇంట్లో భయపెట్టే తండ్రి. ఇల్లు చూసుకుంటానని చనిపోయే ముందు తల్లికిచ్చిన మాట ఒకటి. ప్రియుడు ఫ్రాంక్‌తో బ్యూనస్ ఎయిర్స్ వెళ్లాల్సిన ఓడ ముందు ఇనుప కమ్మీ గట్టిగా పట్టుకుని ఆగిపోతుంది. అతను పిలుస్తూనే ఉంటాడు. ఆమె ముఖంలో ప్రేమా లేదు, వీడ్కోలూ లేదు.

రష్యన్ రచయిత చెహోవ్ 1903 నాటి కథ 'పెళ్లికూతురు'లో 23 ఏళ్ల నాద్యా మాత్రం పెళ్లి వదిలేసి, పీటర్స్‌బర్గ్‌కి చదువుకోడానికి వెళ్లిపోతుంది. తిరిగొచ్చి చూస్తే ఊళ్లో ఇళ్లు పొట్టిగా కనిపిస్తాయి. ఆ ఒక్క వివరం చాలు.

భయాన్ని కథగా రాయాలనుకునేవాళ్లు ముందు ఎవెలిన్ చదవాలని నా గట్టి అభిప్రాయం. ఎందుకు ఆగిందో జాయిస్ చెప్పడు, ఆ చేతులు చెబుతాయి. మన కోనసీమ కథల్లో ఇలాంటి చోట పాత్ర చేత పేజీడు ఏడుపు ఏడిపిస్తాం. అక్కర్లేదు. పంటు తాడు విప్పుతుంటే, ఆ పిల్ల బ్యాగు జిప్పు తీసి మళ్లీ వేస్తే చాలు.

కానీ హైదరాబాద్‌లో సీటొచ్చి, టెన్షన్‌తో నిద్రపట్టని మా చెల్లెలికి మాత్రం నాద్యానే ఇచ్చాను.