కొత్త ఉద్యోగి లాగిన్ కాకముందే అన్నీ సిద్ధం: గ్రూప్ పాలసీ ప్రిఫరెన్సెస్ సమీక్ష

మా ఆఫీసులో కొత్తవారు చేరిన ప్రతిసారీ వారి సిస్టమ్ ముందు అరగంట కూర్చుని ప్రాక్సీ (ఇంటర్నెట్‌కు దారి ఇచ్చే మధ్యవర్తి సర్వరు), ప్రింటరు, షేర్డ్ ఫోల్డరు, డెస్క్‌టాప్ షార్ట్‌కట్లు ఒక్కొక్కటిగా పెట్టడం చాలాకాలం నా పనిగానే ఉండేది. ఆఫీసు సిస్టమ్‌లన్నిటికీ సెట్టింగులను ఒకేచోటి నుంచి పంపే గ్రూప్ పాలసీలో ఒక భాగమైన, విండోస్ సర్వర్‌లోనే ఉన్న గ్రూప్ పాలసీ ప్రిఫరెన్సెస్ ఆ పనిని తప్పించింది.

2000లో వచ్చిన గ్రూప్ పాలసీ ప్రధానంగా ఆంక్షల కోసం. అది పెట్టిన సెట్టింగును ఉద్యోగి మార్చలేడు. 2008 సర్వర్‌తో చేరిన ప్రిఫరెన్సెస్ మాత్రం సెట్టింగును అమర్చి, మార్చుకునే వీలు అతనికే వదిలేస్తుంది. కాని ఇందులో ఒక మెలిక ఉంది. పాలసీ సుమారు 90 నిమిషాలకోసారి, దానిపై అరగంట వరకు తేడాతో, మళ్లీ అమలవుతుంది కనుక, ఉద్యోగి ఉదయం మార్చుకున్నది మధ్యాహ్నానికి మళ్లీ మొదటికొస్తుంది. కామన్ ట్యాబ్‌లో ‘ఒక్కసారే అమలు చేయి’ అనే అర్థమిచ్చే గడిలో టిక్ పెడితేనే మొదటి రోజు అమరిక మొదటి రోజుకే పరిమితమవుతుంది. పక్కనే ఉన్న ఐటమ్ లెవెల్ టార్గెటింగ్, అంటే ఏ సెట్టింగు ఎవరికి వెళ్లాలో ఎంచుకునే వీలు, నాకు మరీ నచ్చింది. అకౌంట్స్ వారికి వారి ప్రింటరు, పై అంతస్తు వారికి పై అంతస్తు ప్రింటరు, ఒకే పాలసీలో ఇమిడిపోయాయి.

ఇందులోని ఇంటర్నెట్ సెట్టింగుల కిటికీ అచ్చం పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ బ్రౌజరు ఆప్షన్స్‌లాగే ఉంటుంది, అక్కడే నేను బోల్తా పడ్డాను. ప్రాక్సీ చిరునామా, పోర్టు శ్రద్ధగా టైప్ చేసి ఓకే నొక్కాను. మర్నాడు చేరిన అమ్మాయికి ఒక్క పేజీ తెరుచుకోలేదు. ప్రతి గడి కింద ఒక గీత ఉంటుంది: ఆకుపచ్చ గీత ఉంటే ఆ విలువ వెళ్తుంది, ఎర్రని తెగిన గీత ఉంటే మీరేం రాసినా వెళ్లదు. ఎఫ్6 నొక్కితే ఆ ఒక్క గడి, ఎఫ్5 నొక్కితే ట్యాబ్ మొత్తం ఆకుపచ్చవుతాయి. ఇంత ముఖ్యమైన సంగతిని కీబోర్డు మీటల చాటున దాచడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఎక్స్‌ప్లోరర్ 2022 జూన్‌లో విరమించింది. ఎడ్జ్, క్రోమ్ విండోస్ ప్రాక్సీనే తీసుకుంటాయి కనుక ఆ భాగం ఇంకా పనికొస్తుంది. హోమ్ పేజీకి మాత్రం ఆయా బ్రౌజర్ల టెంప్లేట్లు (వాటి సెట్టింగులను గ్రూప్ పాలసీలో చూపే ఫైళ్లు) విడిగా దించుకోవాలి.

పాత సర్వరు చేతికొచ్చినవారు ముందుగా చూడవలసింది ఇంకొకటి ఉంది. ఒకప్పుడు ఇందులో పాస్‌వర్డులు కూడా దాచేవారు. వాటిని విప్పే తాళం బహిరంగంగా ప్రచురితమై ఉండడంతో 2014 మేలో వచ్చిన ప్యాచ్ ఆ వీలును తీసివేసింది. అయితే అంతకుముందు దాచినవాటిని అది చెరిపివేయదు, సర్వరులో పాలసీ ఫైళ్లుండే సిస్‌వాల్ ఫోల్డరు వెతికి మీరే తీసేయాలి.

కొత్తగా లాగిన్ అయ్యేవారికి మూసగా పనిచేసే డీఫాల్ట్ ప్రొఫైల్‌ను మార్చి పెట్టే పాత పద్ధతి కంటే నేను ప్రిఫరెన్సెస్‌నే ఎంచుకుంటాను, ఎందుకంటే ఆ పాత పద్ధతి మొదటి లాగిన్‌తోనే ఆగిపోతుంది, పైగా ప్రతి యంత్రంలోనూ చేయాలి. విండోస్ హోమ్ ఎడిషన్ సిస్టమ్‌లు డొమైన్‌లో (సర్వరు అదుపులో ఉండే ఆఫీసు సిస్టమ్‌ల గుంపులో) చేరవు గనుక, అవి కొన్న ఆఫీసులకు ప్రిఫరెన్సెస్ అందదు.