అకలేసియాకి లాపరోస్కోపిక్ హెల్లర్ మయోటమీ చేయించుకున్నాక నా రివ్యూ

ముందే రేటింగ్ చెప్పేస్తా, ఆపరేషన్‌కి 5కి 5, డిశ్చార్జ్ అప్పుడు హాస్పిటల్ వాళ్ళు ఇచ్చిన తిండి సలహాలకి మాత్రం 2. ముద్ద దిగక డాక్టర్ల చుట్టూ తిరుగుతున్నవాళ్ళకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నా.

అకలేసియా అంటే, అన్నవాహిక పొట్టలో కలిసే చోట ఉండే కండరం మనం మింగినప్పుడు వదులవ్వాలి కదా, అది వదులవ్వదు, దాన్ని వదులు చేసే నరాల కణాలు దెబ్బతినిపోతాయి, పైగా ముద్దని కిందకి తోసే కదలిక కూడా పోతుంది. అందుకే గట్టి తిండే కాదు మంచినీళ్ళు కూడా ఛాతీలో ఆగిపోతాయి. పడుకుంటే తిన్నది గొంతులోకి ఎగదన్ని పొలమారడం, ఛాతీ పట్టేసినట్టు నొప్పి, మనిషి చిక్కిపోవడం అన్నీ నాకు ఉన్నాయి. ఏడాదికి లక్షమందిలో ఏ ఒకరికో ఇద్దరికో కొత్తగా వచ్చే జబ్బు కాబట్టి చాలా చోట్ల గ్యాస్ కిందే కట్టేస్తారు, నేను మొదట చూపించుకున్న చోట కూడా ఎండోస్కోపీ నార్మల్ అని ఎసిడిటీ మాత్రలు మార్చి మార్చి రాసి పంపించారు. అది నాకు ఇప్పటికీ కోపమే. ఎండోస్కోపీ అవసరమే, అదే చోట క్యాన్సర్ ఉన్నా ఇవే లక్షణాలు రావచ్చు కాబట్టి చూడాల్సిందే, కానీ అకలేసియా మొదట్లో అందులో ఏమీ కనపడకపోవచ్చు. మింగడం కష్టంగానే ఉందంటే అక్కడితో ఆపేయకూడదు కదా.

అసలు సంగతి తేల్చేది మానోమెట్రీ, అంటే అన్నవాహికలో ఒత్తిడి కొలిచే పరీక్ష. ముక్కులోంచి సన్నటి ట్యూబు పొట్టదాకా దింపుతారు, దింపేటప్పుడు వాంతి వచ్చినట్టయి కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతాయి, ఆ కాసేపు ఓర్చుకోండి. తర్వాత పడుకోబెట్టి సిరంజితో 5 మిల్లీలీటర్ల చొప్పున 10 సార్లు నీళ్ళు నోట్లో పోసి మింగమంటారు. ఒత్తిడి అంతా స్క్రీన్ మీద రంగుల్లో కనపడుతుంది, మామూలుగా అయితే ఆ రంగు పట్టీ పైనుంచి కిందకి ఏటవాలుగా జారుతూ పోవాలి, కింద ఉన్న పట్టీ పలచబడాలి. నాది మింగగానే అన్నవాహిక మొత్తం ఒకేసారి నిలువు గీతలా రంగు మారింది, కింద పట్టీ అలాగే చిక్కగా ఉండిపోయింది. ఇది టైప్ 2 అని, మూడు రకాల్లోనూ ట్రీట్‌మెంట్‌కి బాగా లొంగేది ఇదేనని డాక్టర్ గారు స్క్రీన్ చూపిస్తూ చెప్పారు. బేరియం మందు తాగించి తీసిన ఎక్స్‌రేలో కూడా కింద పక్షి ముక్కులా సన్నబడిపోయి ఉంది.

ఇక ఏం చేయించుకోవాలన్నది. బెలూన్‌తో ఆ కండరాన్ని సాగదీయొచ్చు, కోత ఉండదు, కానీ కొందరికి మళ్ళీ మళ్ళీ చేయాల్సి వస్తుంది. రెండోది హెల్లర్ మయోటమీ, అంటే ఆ కండరాన్ని కోసి వదులు చేయడం, 1913లో జర్మనీలో ఎర్న్‌స్ట్ హెల్లర్ అనే సర్జన్ మొదలుపెట్టిన ఆపరేషనే, ఇప్పుడు పొట్ట మీద చిన్న చిన్న రంధ్రాలతో చేస్తున్నారు. మూడోది పోయెమ్, 2008లో జపాన్‌లో డాక్టర్ హరుహిరో ఇనోవే మొదలుపెట్టింది, నోట్లోంచి ఎండోస్కోప్ పంపి అన్నవాహిక లోపలి పొర కింద సొరంగం చేసి కండరం కోస్తారు, ఒంటి మీద గాటే ఉండదు. 2019లో ఈ రెండిటినీ పోల్చిన స్టడీ వచ్చింది, రెండేళ్ళ తర్వాత పోయెమ్‌కి 83 శాతం, హెల్లర్‌కి దాదాపు 82 శాతం మంది బాగున్నారు, అంటే మింగడం విషయంలో తేడా లేనట్టే. తేడా అంతా రిఫ్లక్స్‌లో, అంటే యాసిడ్ పైకి ఎగదన్నడంలో ఉంది, యాసిడ్ వల్ల అన్నవాహిక పుండు పడటం పోయెమ్‌లో 44 శాతం, హెల్లర్‌లో 29. హెల్లర్‌లో కండరం కోశాక పొట్ట పైభాగాన్ని ముందువైపు సగం చుట్టి కుడతారు, డోర్ అంటారు, అది యాసిడ్ పైకి రాకుండా కొంత ఆపుతుంది. నేను అందుకే హెల్లర్‌కి ఒప్పుకున్నా. అదే టైప్ 3 అయితే కండరం ఇంకా పైదాకా కోయాలి, దానికి పోయెమే అనుకూలం, కాబట్టి నన్ను చూసి మీరు నిర్ణయం తీసుకోకండి, మీ మానోమెట్రీ రిపోర్ట్ చూసి తీసుకోండి.

ఆపరేషన్ ముందు ద్రవాలే ఇచ్చారు, లోపల తిండి మిగిలి ఉంటే మత్తు ఇచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది కాబట్టి ఇందులో ఎవరూ రాజీపడొద్దు. కోసేది అన్నవాహిక మీద ఒక 6 సెంటీమీటర్లు, లోపల జీర్ణాశయం మీద ఇంకో 2, 3 సెంటీమీటర్లు, కండరం మాత్రమే తెగాలి, లోపలి పొరకి చిల్లు పడకూడదు, అందుకే కోశాక ఎక్కడైనా లీకవుతోందేమో అక్కడికక్కడే చూస్తారు. ఇది చేయి తిరిగిన సర్జన్ చెయ్యాల్సిన పని, ఇలాంటివి ఎన్ని చేశారని సూటిగా అడగండి, మా సర్జన్ గారు ఏమీ అనుకోకుండా చెప్పారు. లేచాక కోసిన చోటుకంటే భుజం ఎక్కువ నొప్పి పుట్టింది, పొట్టలో నింపిన గ్యాస్ వల్లట, దానంతట అదే తగ్గిపోయింది.

మొదటిసారి నీళ్ళు తాగినప్పుడు ఎక్కడా ఆగకుండా దిగిపోయాయి, ఆ సుఖం ఎలా ఉంటుందో ఈ జబ్బు పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

అయితే డిశ్చార్జ్ కాగితం మీద మెత్తటి ఆహారం అని రెండు ముక్కలు రాసి వదిలేశారు, ఎన్నాళ్ళు, మెత్తగా అంటే ఎంత మెత్తగా, మాత్రలు పొడి చేసి వేసుకోవాలా ఏమీ లేదు, ఫోన్ చేసి ఒక్కోటీ అడగాల్సి వచ్చింది. ఇంకో మాట కూడా ముందే చెప్పి ఉండాల్సింది, ఈ ఆపరేషన్ దారి తెరుస్తుందే గానీ పోయిన కదలికని తీసుకురాదు, కాబట్టి ఇప్పటికీ నిటారుగా కూర్చుని, బాగా నమిలి, మధ్యమధ్యలో నీళ్ళు తాగుతూనే తింటాను, పడుకునే ముందు ఏమీ తినను. గుండెల్లో మంటకి మాత్ర నడుస్తోంది. మంట తెలియకపోయినా లోపల పుండు ఉండొచ్చు కాబట్టి, బాగానే ఉన్నాం కదా అని చెకప్ ఎండోస్కోపీ మాత్రం ఎగ్గొట్టకండి.