టేలర్ సింగిల్ బ్యారెల్ కొనేవాళ్ళకి హెచ్చరిక: ఆ అన్న దగ్గర కొనకండి, మీ ఖాళీ సీసాలు ఎవరికీ ఇవ్వకండి

డాలస్ చుట్టుపక్కల బోర్బన్ (ఎక్కువగా మొక్కజొన్నతో చేసే అమెరికన్ విస్కీ) కొనే తెలుగువాళ్ళందరూ దయచేసి ఇది చివరిదాకా చదవండి. మన వాట్సాప్ గ్రూపుల్లో అలొకేటెడ్ బాటిళ్ళు, అంటే కంపెనీ షాపులకి కొద్దికొద్దిగా పంచే అరుదైన బాటిళ్ళు, అమ్మే ఆ అన్న దగ్గర ఏమీ కొనకండి. పేరు రాయడం లేదు, రాయనక్కర్లేదు కూడా. శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి షెల్ఫ్ ఫొటో పెట్టి "ఎవరికి కావాలి తమ్ముళ్ళూ" అని అడిగే మనిషి ఎవరో మీకు తెలుసు. ఆయన నాకు అమ్మింది నకిలీ. సీసా అసలుదే, లేబుల్ అసలుదే, సీసాని పెట్టి ఇచ్చే పొడవాటి డబ్బా, ఆ ట్యూబ్ కూడా అసలుదే. లోపల పోసింది మాత్రం వేరే ఏదో.

కొన్నది కర్నల్ ఈ.హెచ్. టేలర్ సింగిల్ బ్యారెల్, అంటే కెంటకీలో బఫలో ట్రేస్ డిస్టిలరీ వాళ్ళు ఒక్కో పీపాలోంచి విడిగా నింపే బోర్బన్. ఇచ్చింది 260 డాలర్లు. కంపెనీ చెప్పే ధర అందులో మూడో వంతు లోపే. అంత ఎందుకు పెట్టావని అడిగేవాళ్ళు ఇక్కడ షాపుల చుట్టూ తిరిగి ఉండరు. వర్జీనియా, పెన్సిల్వేనియా లాంటి చోట్ల షాపులు ప్రభుత్వానివే కాబట్టి ఇలాంటి బాటిళ్ళకి పెట్టే లాటరీ తగిలితే అసలు ధరకే చేతికొస్తుంది. టెక్సస్‌లో అన్నీ ప్రైవేటు షాపులు, ఎవరి రేటు వాళ్ళది. శనివారం పొద్దున పదింటికి తలుపు తీసేసరికే లైన్‌లో ముందున్నవాళ్ళు ఉన్న రెండు మూడూ పట్టుకుపోతారు. వెల్లర్ 12, బ్లాంటన్స్ లాంటి అరుదైన బోర్బన్ షెల్ఫ్ మీద కనిపించిందంటే దాని మీద అంటించిన రేటు చూసి వెనక్కి రావాల్సిందే. అందుకే అందరం గ్రూపుల్లోకి వెళ్ళాం. 2019లో ఫేస్‌బుక్ మద్యం అమ్మే గ్రూపులన్నీ మూసేశాక ఈ వ్యవహారమంతా వాట్సాప్‌లోకి మారింది. అక్కడ రసీదు ఉండదు, రివ్యూ ఉండదు. మనిషి మాట ఒక్కటే.

ఆ మాట ఇచ్చింది ఆయనే. మా పాప అన్నప్రాసనకి మా ఇంటికొచ్చి, మా అమ్మ వడ్డిస్తే తిని, పాప చేతిలో కవరు పెట్టి వెళ్ళిన మనిషి. మా బావ మొదటిసారి హైదరాబాద్ నుంచి వస్తున్నాడు, ఒక మంచి కెంటకీ బాటిల్ కావాలి అన్నా అని అడిగితే, "టేలర్ సింగిల్ బ్యారెల్ ఒకటుంది, నా కోసం దాచుకున్నాను, నీకు కాబట్టి ఇస్తున్నా తమ్ముడూ" అన్నాడు. జెల్‌లో (బ్యాంకు ఖాతాల మధ్య డబ్బు పంపే యాప్) డబ్బులు పంపాను. మెమోలో గ్రోసరీస్ అని రాయమన్నాడు, రాశాను. ఇర్వింగ్‌లో ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో కలిశాం. సీసా అడుగున గాజు మీద ఉండే లేజర్ కోడ్ చూశాను. బఫలో ట్రేస్ వాళ్ళ కోడ్ ఎల్‌తో మొదలై, తర్వాత సంవత్సరం, ఆ సంవత్సరంలో ఎన్నో రోజు, అలా ఉంటుంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఫొటో కూడా తీసుకున్నాను.

వెళ్ళబోతూ ఒక మాటన్నాడు. "తాగేశాక సీసా, ట్యూబ్ పారేయకు తమ్ముడూ. నేను ల్యాంపులు చేస్తుంటాను, నాకిచ్చెయ్." ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

బావ వచ్చిన రోజు రాత్రి భోజనాల ముందు బాటిల్ తీశాను. టేలర్ సీసాకి కార్క్ మీదుగా రెండు వైపులా మెడ మీదకి దిగే కాగితం పట్టీ ఉంటుంది, దాని పైన పల్చటి ప్లాస్టిక్ చుట్టి ఉంటుంది. లైటు కింద పెట్టి చూస్తే ఆ ప్లాస్టిక్ ఒక పక్క ముడతలు పడి ఉంది, హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి అతికించినట్టు. గోరుతో లాగితే ఊడొచ్చింది. కింద పట్టీ కార్క్ అంచు దగ్గర సన్నగా కోసి ఉంది, కోసిన చోట జిగురు ఎండి మెరుస్తోంది. కార్క్ తిప్పితే అసలు శబ్దమే లేదు, చేతిలోకి వచ్చేసింది. అప్పుడే గుండె జారింది. గ్లాసులో పోశాను. వెనిల్లా ఎసెన్స్ వాసన, దాని వెనక స్పిరిట్ ఘాటు. నోట్లో పెట్టుకుంటే పల్చగా, తియ్యగా, గొంతు దిగాక ఏమీ లేదు. బావ నా మొహం చూసి "బాగుంది బామ్మర్దీ" అన్నాడు, నేను బాధపడకూడదని. దూరం నుంచి వచ్చిన మనిషితో అలా అబద్ధం చెప్పించాల్సి వచ్చినందుకే నాకు ఎక్కువ కోపం.

మర్నాడు నా ఫ్రెండ్ ఒకతను తన దగ్గరున్న టేలర్ స్మాల్ బ్యాచ్ (కొన్ని పీపాలు కలిపి నింపే రకం) తెచ్చాడు. రెండూ ఒకే రకం గ్లాసుల్లో, ఒకే కొలతలో పోసి కిటికీ దగ్గర పెట్టాం. వాడిది ముదురు రాగి రంగు. నాది లేత పసుపు. గ్లాసు తిప్పితే వాడిది అంచుల మీంచి మెల్లగా గీతలు గీతలుగా దిగింది, నాది నీళ్ళలా జారిపోయింది. ఇక అనుమానం ఏముంది?

అసలు ఈ బాటిల్ మీదే ఇలా జరగడం నాకు మింగుడు పడటం లేదు. లేబుల్ మీద బాటిల్డ్ ఇన్ బాండ్ అని ఉంటుంది చూడండి, ఆ చట్టం 1897లో వచ్చింది. ఆ రోజుల్లో వ్యాపారులు చవక స్పిరిట్‌లో రంగులు, పొగాకు రసం లాంటివి కలిపి విస్కీ అని అమ్మేవాళ్ళు. ఆ కల్తీ ఆపడానికి, అప్పటి ట్రెజరీ సెక్రటరీ జాన్ కార్లైల్‌తో కలిసి పట్టుబట్టి ఆ చట్టం తెప్పించినవాళ్ళలో ముఖ్యుడు ఈ టేలరే. ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్‌లో కాచి, ప్రభుత్వ నిఘా ఉన్న గోదాములో కనీసం నాలుగేళ్ళు ఉంచి, సరిగ్గా 100 ప్రూఫ్‌తో నింపాలి. అంటే 50 శాతం ఆల్కహాల్. ఈ సింగిల్ బ్యారెల్ పీపాలు ఉంచే వేర్‌హౌస్ సీ, 1881లో టేలర్ కట్టించిందే. కల్తీ మీద పోరాడిన మనిషి పేరున్న సీసాలో కల్తీ పోసి అమ్మడానికి చేతులెలా వచ్చాయి?

ఫోన్ చేశాను. మర్యాదగానే మొదలుపెట్టాను.

"అన్నా, బాటిల్ తేడాగా ఉంది."

"సింగిల్ బ్యారెల్ కదా తమ్ముడూ, ఒక్కో పీపా ఒక్కో రుచి. నీకు అలవాటు కావాలి."

పీపా పీపాకీ రుచి మారుతుంది, నిజమే. కానీ బాండెడ్ బాటిల్లో ప్రూఫ్ మారదు. అదే చెప్పాను. పట్టీ కోసి ఉందని, కార్క్ వదులుగా వచ్చిందని చెప్పాను.

"తాగావా?"

"తాగితేనే కదా అన్నా తెలిసింది."

"తాగావంటే అయిపోయింది. సీల్ తీశాక నాకేం సంబంధం? నువ్వే సగం తాగి, నీళ్ళు కలిపి, డబ్బులు వెనక్కి ఇమ్మంటున్నావని నేనంటే?"

మా ఇంట్లో అన్నం తిన్న మనిషి నన్ను దొంగని చేశాడు. నాకు కాసేపు నోట మాట రాలేదు. "అన్నా, నన్నా అంటున్నావు?" అన్నాను. అటునుంచి జవాబు లేదు, టీవీ శబ్దం వినిపిస్తోంది. కాస్త ఆగి, గొంతు మార్చి, చాలా నెమ్మదిగా అన్నాడు. "చూడు, ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో. వీసా మీద ఉన్నావు. పోలీసులంటూ వస్తే ముందు ఎవరికి టెన్షనో ఆలోచించుకో. ఇంట్లో చిన్నపిల్ల ఉంది." అని పెట్టేశాడు.

260 డాలర్లు పోతే పోయాయి. పాప మాట ఎత్తాడు చూడండి, అది మాత్రం నేను మర్చిపోను. అన్నా అని పిలిపించుకుంటూ, ఎవరు ఏ వీసా మీద ఉన్నారో, ఎవరింట్లో ఎవరున్నారో తెలుసుకుని, రేపు ఇలా వాడుకోవడానికి దాచుకుంటాడన్నమాట. ఆ సాయంత్రమే గ్రూపులో "కొత్తవాళ్ళకి హై ప్రూఫ్ అర్థం కావడానికి టైమ్ పడుతుంది" అని మెసేజ్ పెట్టాడు, పక్కన దండం బొమ్మతో. నేను జవాబు రాసేలోపు అడ్మిన్ నన్ను తీసేశాడు. అడ్మిన్ ఒక్కసారి ఫోన్ చేసి ఏం జరిగిందని అడిగి ఉండాల్సింది.

ఇప్పుడు ల్యాంపుల సంగతి. గ్రూపులోంచి నన్ను తీసేశాక ఒకతను విడిగా మెసేజ్ చేశాడు. బాటిల్ ఫొటోలు పంపమన్నాడు, పంపాను. పది నిమిషాల్లో తన ఫోన్‌లోంచి ఒక పాత ఫొటో పంపాడు. వాళ్ళ పెళ్ళిరోజున తాగిన టేలర్ సింగిల్ బ్యారెల్. లేబుల్ కింద కుడి మూల చిన్నగా చిరిగి, మడత పడి ఉంది. నా బాటిల్ లేబుల్ కూడా అదే మూల, అదే చిరుగు, అదే మడత. లేజర్ కోడ్ అంకె అంకెకీ, నిమిషంతో సహా అదే. ఆ ఖాళీ సీసా, ట్యూబ్ అతను ఎవరికిచ్చాడో నేను చెప్పక్కర్లేదు. ల్యాంపులకని ఇచ్చాడు.

ఇదండీ అసలు విషయం. లేజర్ కోడ్ చూసి కొంటే చాలని మనందరం ఒకరికొకరం చెప్పుకుంటాం. మళ్ళీ నింపిన సీసాకి కోడ్ అసలుదే ఉంటుంది, అది అసలు సీసానే కాబట్టి. వాన్ వింకిల్ అనే ఖరీదైన బోర్బన్ ఖాళీ సీసాలు ఆన్‌లైన్‌లో వంద డాలర్లు దాటి అమ్ముడవుతుంటాయి. అంత పెట్టి కొనేవాళ్ళందరూ షెల్ఫ్ మీద అందానికే కొంటున్నారా? షాపులో కొంటే భయం లేదని కూడా అనుకోకండి. 2021లో ఒక టీవీ కార్యక్రమం వాళ్ళు న్యూయార్క్‌లో లైసెన్సున్న షాపులోనే దాదాపు 1000 డాలర్లు పెట్టి టేలర్‌లోనే అరుదైన రకం, ఫోర్ గ్రెయిన్ కొన్నారు. బఫలో ట్రేస్ వాళ్ళ చేత పరీక్ష చేయిస్తే అది నకిలీ అని తేలింది.

నా సీసాలో ఉన్నది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. చవక విస్కీయే అయితే అదృష్టం. కల్తీ సారా తాగి ఊళ్ళలో మనుషులు పోయారన్న వార్తలు చదువుతూ పెరిగినవాళ్ళం మనం. తెలియని ద్రవం సీసాలో పోసి, సీల్ వేసి, ఇంటికొచ్చిన చుట్టానికి పొయ్యమని ఇవ్వడం చిన్న మోసం కింద నేను తీసుకోలేను. లైసెన్సు లేకుండా మద్యం అమ్మడం టెక్సస్‌లో నేరం. అది చేస్తున్నది ఆయన. మద్యం వ్యవహారాలు చూసే టెక్సస్ ప్రభుత్వ సంస్థ టీఏబీసీకి కంప్లైంట్ రాశాను, రెండు ఫొటోలూ జత చేశాను. బెదిరింపుకి ఊరుకుంటానని ఆయన అనుకుని ఉంటే, ఈ పోస్టు ఆయనకీ చేరుతుంది కదా, చదువుకోమనండి.

మీరు చేయాల్సింది కొంచెమే. బాటిల్ అయిపోగానే లేబుల్ మీద అడ్డంగా మార్కర్‌తో గీసి, పట్టీ చింపి, ట్యూబ్ నలిపి పారేయండి. ల్యాంప్‌కని అడిగినా, కలెక్షన్‌కని అడిగినా ఖాళీ సీసా ఇవ్వకండి. తెలిసినవాళ్ళ దగ్గర కొన్నా పట్టీ, ప్లాస్టిక్ వెలుతురులో తిప్పి చూడండి, చీకటి పార్కింగ్‌లో తీసుకోకండి. లాటరీ ఉన్న రాష్ట్రాల్లో చుట్టాలుంటే వాళ్ళని పేరు వేయమనండి. లేదంటే షెల్ఫ్ మీద మామూలుగా దొరికే బాండెడ్ బాటిళ్ళు తీసుకోండి, బావకి తర్వాత అదే పోశాను, నిజంగానే బాగుందన్నాడు.

ఆయన దగ్గర ఇప్పటికే కొన్నవాళ్ళు బాటిల్ పారబోయకండి, తాగకండి, అలాగే ఉంచండి. ఆయనకి ఖాళీ సీసాలిచ్చినవాళ్ళు ఫోన్లో పాత ఫొటోలు వెతికి, లేబుల్, కోడ్ కనిపించేవి నాకు పంపండి. మీ పేరు ఎక్కడా బయటపెట్టను. నా బాటిల్ కోడ్ ఫొటో అడిగినవాళ్ళకి పంపిస్తాను.