నచ్చుతుందా, కాపాడుతుందా, లెక్కలోకి తీసుకుంటుందా? అగ్రరాజ్యాన్ని తూచడానికి ఏ ప్రశ్న మేలు?

2025 నవంబరు మొదట్లో పెద్దబాపుతో కలిసి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తీసుకెళ్లాను. మొంథా తుపాను వానలకు చేలోనే తడిసిన పత్తి అది. మూడు రోజులు డాబా మీద ఆరబోసినా, బస్తాలో తేమ మిషన్ గుచ్చితే 14 శాతం చూపించింది. 12 దాటితే మద్దతు ధరకు కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ కొనదు. ఆ ఏడాది పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆ రోజు జెండా పాట, అంటే మార్కెట్లో వేలం ధర, దానికి చాలా దిగువనే ఆగిపోయింది. బస్తాలు కాంటా మీదికి ఎక్కుతుంటే పెద్దబాపు నన్ను అడిగాడు: "అమెరికా పన్ను వేసింది మన మిల్లుల బట్టల మీద కదా బిడ్డా, మరి నా పత్తికి ఎందుకు దెబ్బ?"

నాకు తెలిసినంతలో చెప్పాను. ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఎగుమతులు దెబ్బతింటాయని బట్టల మిల్లులు గగ్గోలు పెట్టాయి. వాటికి ఊరటగా మన ప్రభుత్వం విదేశీ పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని అదే నెలలో ఎత్తివేసి, ఆ మినహాయింపును డిసెంబరు 31 దాకా పొడిగించింది. మన రైతు పత్తి తీసే కాలమూ అదే. ధర పడటానికి తేమ, తుపాను, అంతర్జాతీయ మార్కెట్ కూడా కారణాలే. కానీ వాషింగ్టన్‌లో పడిన సంతకం ఎనుమాముల కాంటా దాకా ఎలా వచ్చిందో పెద్దబాపుకు అర్థమైంది.

ఇంత బలమున్న దేశం లోకానికి మేలు చేస్తోందా, చేటు చేస్తోందా అని ఇతర దేశాల ప్రజలను అడిగే సర్వేలు ఏళ్ల తరబడి జరుగుతున్నాయి. అడిగే ప్రశ్న మారితే జవాబు తలకిందులవుతుంది. అందుకే అంకెలకన్నా ముందు ప్రశ్నలనే పోల్చి చూడాలి.

మొదటిది, ఆ దేశం మీకు నచ్చుతుందా అన్న ప్రశ్న. పత్రికల్లో పతాక శీర్షికకు ఎక్కేది ఎక్కువగా ఇదే. నా దృష్టిలో మూడింటిలో అన్నిటికన్నా బలహీనమైనదీ ఇదే. అమెరికాలోని సర్వే సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ లెక్కల్లో 2008లో అమెరికా పట్ల సదభిప్రాయం చెప్పిన జర్మన్లు 31 శాతం. మరుసటి ఏడాదికి 64 శాతం. మధ్యలో మారింది అధ్యక్షుడు. ఇరాక్‌లోనూ అఫ్ఘానిస్తాన్‌లోనూ అమెరికా సైన్యం ఉన్నచోటే ఉంది. ఇండోనేషియాలో 2002లో 61 శాతం ఉన్న అభిమానం ఇరాక్ దాడి జరిగిన 2003లో 15కు కూలింది. 2004 డిసెంబరు సునామీ తర్వాత అమెరికా నౌకలు సహాయ సామగ్రి మోసుకొచ్చాయి. 2005లో అది 38కి లేచింది. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టిన చేతిని మెచ్చుకోవడం సహజం, న్యాయం కూడా. అయితే ఈ ప్రశ్నకు అందేది ఆనాటి మనసు. లోకం నిలకడగా ఉందా లేదా అన్నది దీనికి అందదు.

రెండోది శాంతి గురించిన ప్రశ్న. దీన్నే రెండు వైపుల నుంచి అడిగారు. 2013 చివర్లో విన్-గ్యాలప్ ఇంటర్నేషనల్ అనే సర్వే సంస్థ 65 దేశాల్లో, ప్రపంచ శాంతికి అతి పెద్ద ముప్పు ఏ దేశమని అడిగితే 24 శాతం మంది అమెరికా పేరు చెప్పారు. రెండో స్థానంలో ఉన్న పాకిస్తాన్‌కు వచ్చింది 8 శాతమే. పదేళ్లకు, 2023లో, ప్యూ 23 దేశాల్లో అడిగితే మధ్యస్థ లెక్కన (దేశాల అంకెలను వరుసగా పేరిస్తే నడిమిది) 61 శాతం మంది ప్రపంచ శాంతికీ స్థిరత్వానికీ అమెరికా తోడ్పడుతోందన్నారు. అదే సర్వేలో 82 శాతం మంది, అది ఇతర దేశాల వ్యవహారాల్లో తలదూరుస్తుందనీ అన్నారు.

61, 82 అన్న ఈ రెండు అంకెలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయని అనుకునేవారు దొరల పాలన చూసిన మన ముసలివాళ్లతో కాసేపు కూర్చోవాలి. మా నాయనమ్మ దొర ఉండే గడీ గురించి చెప్పేటప్పుడు రెండు మాటలూ ఒకే ఊపిరిలో చెప్పేది. దొర ఉన్నన్నాళ్లు ఊళ్లో దొంగతనం లేదు, పొలం గట్టు తగాదా పొద్దుగూకేలోపు తేలిపోయేది. ఎవరింట్లో పెళ్లి ఎప్పుడు జరగాలో, ఎవరు వెట్టికి రావాలో కూడా ఆయనే చెప్పేవాడు. అది శాంతే. ఎవరి శాంతి అన్నది ఆ ప్రశ్నలో లేదు.

మా ఇంట్లోనే ఈ ప్రశ్నకు రెండు జవాబులున్నాయి. జగిత్యాల దగ్గర ఉండే మా మేనమామ 1990 ఆగస్టులో కువైట్‌లో మేస్త్రీ పని చేస్తున్నాడు. ఇరాక్ పాలకుడు సద్దాం సైన్యం దిగాక ఎడారి దాటి జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో వచ్చాడు. అప్పట్లో అలా లక్షా డెబ్బై వేలకు పైగా భారతీయులను తీసుకొచ్చారు. అమెరికా సేనలు కువైట్‌ను విడిపించాయి కాబట్టి తాను మళ్లీ పనికి వెళ్లగలిగానని ఆయన నమ్మకం. 2003లో అదే సైన్యం ఇరాక్ మీదికి వెళ్లినప్పుడు, కువైట్‌లో ఉన్న తన కొడుకు ఫోను కోసం మా అత్త రాత్రంతా కూర్చుంది. సర్వేవాళ్లు ఆ ఇంటి తలుపు తడితే జవాబు ఎవరు తలుపు తీశారన్న దాన్ని బట్టి ఉండేది.

అందుకే నేను మూడో ప్రశ్న వైపు మొగ్గుతాను: నిర్ణయం తీసుకునేటప్పుడు ఆ దేశం మీలాంటి దేశాల బాగోగులను లెక్కలోకి తీసుకుంటుందా? 2023లో ప్యూ సర్వేలోనే దీనికి అమెరికా విషయంలో జవాబు దాదాపు సగం సగంగా చీలింది. చైనా విషయంలో 24 దేశాల మధ్యస్థ లెక్కన 76 శాతం మంది తీసుకోదన్నారు. అమెరికా బరువు దిగి చైనా బరువు ఎక్కితే మనకు మేలని వాదించే మిత్రులకు ఈ అంకె చూపిస్తుంటాను. మన తేజ మిర్చిని పెద్ద ఎత్తున కొనేది చైనాయే. అక్కడి వ్యాపారులు కొనుగోలు తగ్గించిన ఏడాది వరంగల్ మిర్చి యార్డులో రైతు ముఖం ఎలా ఉంటుందో చూసినవాళ్లకు ఎక్కువ చెప్పనక్కరలేదు. ఒక పెద్ద కొనుగోలుదారు పోయి ఇంకొకరు వచ్చినంత మాత్రాన ధర చెప్పే హక్కు మన చేతికి రాదు.

మూడో ప్రశ్నకూ లోపం ఉంది. అది దేశాల గురించి అడుగుతుంది, దేశం లోపలి మనుషుల గురించి అడగదు. అమెరికా సుంకం మీద ఢిల్లీలో బేరసారాలు జరిగాయి. ఆ బేరంలో మిల్లుకు చోటు దొరికింది, పత్తి రైతుకు దొరకలేదు. ఇది ఒక్క అమెరికా మీద వేయాల్సిన నింద కాదు. అయినా మూడింటిలో పెద్దబాపు అడిగిన మాటకు దగ్గరగా వచ్చేది ఇదొక్కటే.

లెక్కలోకి తీసుకోవడం జరగని పని కాదు. 1991లో భద్రతామండలి తీర్మానంతో ఏర్పడిన ఐక్యరాజ్యసమితి పరిహార కమిషన్, కువైట్ వదిలి పారిపోయిన కూలీలకు ఇరాక్ చమురు సొమ్ములోంచి పరిహారం ఇప్పించింది. మా మామకూ వచ్చింది. వచ్చేసరికి ఏళ్లు గడిచాయి. తన పేరు, పాస్‌పోర్టు నంబరు ఉన్న ఆ కాగితాన్ని ఇప్పటికీ ట్రంకుపెట్టె అడుగున, పెళ్లి ఫోటోల కింద దాచుకున్నాడు. ఎనుమాములలో ఆ రోజు పెద్దబాపు చేతికి వచ్చిన తక్‌పట్టీలో, అంటే అమ్మకం చీటీలో, తూకం, ధర, హమాలీ కోత మాత్రమే ఉన్నాయి. దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుని బస్సు ఎక్కాడు.