పన్నెండేళ్లు వీపున మోసిన సైప్రెస్-2: ఒక్కసారీ పనిచేయవలసి రాని పరికరంపై సమీక్ష

మా నాన్నగారు జీవితమంతా ఓడల మరమ్మతు పనిలో గడిపినవారు కనుక ఏ యంత్రాన్నయినా అది చేసిన పనిని బట్టే విలువ కడతారు. 2014 మొదట్లో నేను అప్పటి ఒక మోటారు సైకిలు ధర పెట్టి ఆపదలో పారాచూట్‌ను దానంతటదే తెరిపించే, అరచేతిలో ఇమిడే చిన్న పెట్టెను కొన్నప్పుడు ఆయన ఏమీ అనలేదు గాని, ఆ తరువాత నేను స్కైడైవింగ్ యాత్ర ముగించుకుని విశాఖపట్నం తిరిగివచ్చిన ప్రతిసారీ అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే: "ఏరా, ఈసారైనా పనిచేసిందా?" పన్నెండేళ్లలో 412 సార్లు విమానం నుంచి దూకాను. అది ఒక్కసారి కూడా పనిచేయవలసిన అవసరం రాలేదు. ఇప్పుడు దాని ఆయుర్దాయం ముగుస్తున్నది కాబట్టి, ఎన్నడూ పనిచేయని వస్తువును ఎలా అంచనా వేయాలో తేల్చుకోవలసిన సమయం వచ్చింది.

ఆ పెట్టె పేరు సైప్రెస్-2. సైబర్నెటిక్ పారాచూట్ రిలీజ్ సిస్టమ్ అన్న పేరును కుదించి అలా పిలుస్తారు. జర్మనీకి చెందిన ఎయిర్‌టెక్ సంస్థ 1991లో దీని మొదటి రూపాన్ని తెచ్చింది. స్కైడైవర్లు ఇటువంటి పరికరాలన్నిటినీ ఏఏడీ (ఆటోమేటిక్ యాక్టివేషన్ డివైస్) అంటారు. మనం వీపున కట్టుకునే కంటైనర్‌లో రెండు పారాచూట్లు ఉంటాయి: కింది అరలో ప్రధాన పారాచూట్, పై అరలో రిజర్వ్, అంటే అత్యవసర పారాచూట్. రిజర్వ్ అర మూతలను బిగించి ఉంచేది ఒక సన్నని దారపు ఉచ్చు. దానినే క్లోజింగ్ లూప్ అంటారు. సైప్రెస్ గాలి పీడనాన్ని ఎడతెగకుండా కొలుస్తూ, మనిషి ఎంత ఎత్తులో ఉన్నాడో, ఎంత వేగంగా పడుతున్నాడో లెక్క కడుతుంది. నేను వాడిన ఎక్స్‌పర్ట్ రకం, నేలకు సుమారు 225 మీటర్ల ఎత్తులో కూడా మనిషి సెకనుకు 35 మీటర్లకు మించిన వేగంతో పడుతున్నట్లు గుర్తిస్తే, చిన్న మందుగుండుతో నడిచే కట్టర్‌ను పేల్చి ఆ ఉచ్చును తెంచుతుంది. అంతటితో దాని పని సరి. ఆపైన స్ప్రింగు ఉన్న పైలట్ చ్యూట్ అనే బుల్లి పారాచూట్ ఎగిరి బయటపడి రిజర్వ్‌ను లాగుతుంది. పొట్ట నేలవైపు ఉంచి పడే మనిషి వేగం సెకనుకు 54 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి, 225 మీటర్లంటే నాలుగు సెకన్ల పైచిలుకు మాత్రమే. కైలాసగిరి కంటే కాస్త ఎత్తున, నాలుగు సెకన్ల ఆయువు మిగిలి ఉన్నప్పుడు, స్పృహ తప్పినవాడి తరఫునో ఎత్తు సంగతే మరచిపోయినవాడి తరఫునో చివరి చేయి వేసే పరికరం ఇది.

దీనిని కొన్నవారిలో చాలామంది పొరబడే చోటు కూడా ఇదే. ఆ పొరపాటు ఎంత పెద్దదో నాకు 112వ దూకుడులో అర్థమైంది. 4,000 అడుగుల దగ్గర ప్రధాన పారాచూట్ తెరిచాను. పైకి చూస్తే ఎడమవైపు తాళ్లు ముడిపడి, ఆ పక్క గుడ్డ సగం మడతపడి ఉంది. పారాచూట్ ఎడమకు గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. స్టీరింగు పిడులను రెండుసార్లు బలంగా లాగి వదిలినా ముడి వీడలేదు. 2,500 అడుగుల దగ్గర, శిక్షణలో నేర్పినట్లే, కుడివైపు ఎర్ర పిడిని చూసి, పట్టుకుని, లాగాను. ప్రధాన పారాచూట్ విడిపోయింది. ఎడమ చేతిలోని రిజర్వ్ పిడిని పూర్తిగా లాగేలోపే ఆర్‌ఎస్‌ఎల్ పట్టీ (ప్రధాన పారాచూట్ విడిపోగానే రిజర్వ్‌ను తెరిపించే పట్టీ) ఉచ్చులోని రిజర్వ్ పిన్నును తీసేసింది. తెల్లని రిజర్వ్ తలపై విచ్చుకున్నాక నాకు మొదట తట్టిన ఆలోచన ఇది: నేను ఏమీ చేయకుండా ఊరుకుని ఉంటే సైప్రెస్ కూడా ఊరుకునే ఉండేది. సగం విచ్చిన పారాచూట్ కింద నేను పడుతున్న వేగం ప్రమాదకరమైనదే గాని, సెకనుకు 35 మీటర్ల గీటుకు చాలా లోపలే ఉంది. మనిషిని చంపగల వేగానికీ ఆ పరికరాన్ని మేల్కొలిపే వేగానికీ నడుమ ఉన్న ఆ ఖాళీని శిక్షణ ఒక్కటే పూడ్చగలదు. ప్రధాన పారాచూట్‌ను వదిలించుకున్నాక మళ్లీ ఆ వేగం అందుకోవడానికి మూడు నాలుగు సెకన్లు పడుతుంది కనుక, మరీ తక్కువ ఎత్తులో వదిలినవాడికి ఆర్‌ఎస్‌ఎల్ ఇచ్చేపాటి ఆసరా కూడా సైప్రెస్ ఇవ్వలేదు. ముడి పడడానికి కారణం నేనే. అంతకు ముందు పది దూకుళ్లుగా స్టీరింగు తాళ్లలో పేరుకున్న మెలికలను విప్పకుండానే పారాచూట్‌ను మడుస్తూ వచ్చాను. ఆనాటి నుంచి ప్రతి మడతకు ముందు ఆ తాళ్లను ఒక్కొక్కటిగా విప్పి చూడడం మానలేదు.

వాడకంలో సైప్రెస్ అడిగేది తక్కువ, కానీ అడిగిన దానిలో రాజీ ఉండదు. ఒకే ఒక్క మీట ఉంటుంది. ఎర్ర దీపం వెలిగిన ప్రతిసారీ వెంటనే నొక్కుతూ నాలుగుసార్లు నొక్కితే ఆన్ అవుతుంది, తనను తాను పరీక్షించుకుని, ఉన్న నేలనే సున్నా ఎత్తుగా తీసుకుని సున్నా చూపుతుంది. 14 గంటల తరువాత దానంతటదే ఆగిపోతుంది. ముఖ్యమైన నియమం ఏమిటంటే, ఎక్కడ దిగబోతున్నామో ఆ నేల మీదనే ఆన్ చేయాలి. ఆన్ చేశాక ఎత్తు మారే మరో చోటికి దానిని తీసుకుపోతే, అక్కడ ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. కొత్తవారికి ఇది ఎంత చెప్పినా అతి జాగ్రత్తగానే తోస్తుంది కాబట్టి నేను మన ఊరి ఉదాహరణ చెబుతాను. బీచ్ రోడ్డులో ఆన్ చేసి, కారులో ఘాట్ రోడ్డెక్కి అరకు వెళ్లి, అక్కడ దూకామనుకోండి. అరకు లోయ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంటుంది. సముద్రమట్టాన్నే నేలగా నమ్ముకున్న పరికరం నేల ఇంకా 900 మీటర్ల కింద ఉందనే అనుకుంటూ ఉండగా మనిషి నేలను తాకుతాడు. పెట్టెలో లోపం ఏమీ ఉండదు. దానికి తప్పు నేల చెప్పింది మనమే అవుతాము.

ఇక నిలవ సంగతి. సముద్రతీరాన ఉండేవారి కోసం దీనిని కొంత వివరంగా రాయవలసి ఉంది, ఎందుకంటే విశాఖలో నేను ఒక్కసారి కూడా దూకలేదు. నా దూకుళ్లలో ఎక్కువ భాగం థాయిలాండులోనివి. ఏడాదిలో రెండు మూడు వారాలు మినహా నా రిగ్ (పారాచూట్లతో సహా కంటైనర్) అంతా ఎం.వి.పి. కాలనీలోని మా ఇంటి బీరువాలోనే ఉంటుంది. అంటే ఈ సామగ్రి ఆకాశంలో గడిపిన కాలం కంటే ఉప్పుగాలిలో గడిపిన కాలం ఎన్నో వందల రెట్లు ఎక్కువ. మన కిటికీ ఊచలు, బండి చైన్లు ఎంత త్వరగా తుప్పు పడతాయో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. అదే గాలి రిజర్వ్ పిన్నును, పిడి తీగ నడిచే గొట్టాలను, కొక్కేలను కూడా తాకుతుంది. మడతలో తాళ్లను పట్టి ఉంచే రబ్బరు బ్యాండ్లు జిగురుజిగురుగా తయారవుతాయి.

కొన్న ఏడాదే, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుఫాను వచ్చింది. కిటికీ అద్దాలు పగిలి, వాన నీరు గదిలోకి కొట్టి, బీరువా అడుగుకు చేరింది. రిగ్ కింది భాగమంతా తడిసింది. కరెంటు లేదు, ఫ్యాను తిరగదు. ఎండలో ఆరవేయడానికి మనసొప్పలేదు, ఎందుకంటే ఎండలోని అతినీలలోహిత కిరణాలు నైలాన్ గుడ్డ బలాన్ని తినేస్తాయి. మరునాడు ప్రధాన పారాచూట్‌ను విప్పి, ట్యాంకులో మిగిలిన మంచినీటిలో కొంత వెచ్చించి ఉప్పు పోయేలా తడిపి, హాల్లో ఒక గోడ నుంచి మరో గోడకు తాళ్లు కట్టి నాలుగు రోజులు నీడలో ఆరబెట్టాను. తాగేందుకు నీళ్లు వెతుక్కుంటున్న రోజుల్లో ఆ పని చేసినందుకు ఇంట్లో మాటలు పడవలసి వచ్చింది, అది న్యాయమే. రిజర్వ్‌ను మాత్రం ముట్టుకోలేదు. దానిని తెరవడం, మడవడం, సీలు వేయడం లైసెన్సు ఉన్న రిగ్గర్ (పారాచూట్ల మడత, మరమ్మతు నిపుణుడు) పని. తడిసిందన్న అనుమానం ఉన్న రిజర్వ్‌తో దూకడం ఎవరి పనీ కాదు. రెండు నెలల తరువాత రిగ్గర్ దానిని విప్పితే గుడ్డ బాగానే ఉంది, పిన్ను మీద మాత్రం సన్నని మరక కనిపించింది. ఆయన పిన్నును, లూప్‌ను రెండింటినీ మార్పించారు. సైప్రెస్ నీటి తాకిడిని కొంత మేర తట్టుకునేలా తయారైనదే. అయినా తడి తగిలిన తరువాత దాని ఫిల్టరును మార్చాలన్న సూచనను పాటించాము. ఆనాటి నుంచి రిగ్‌ను నేలకు మూడడుగుల పైన, గాలి చొరబడని సంచిలో, తేమ పీల్చే సిలికా పొట్లాలతో ఉంచుతున్నాను. వర్షాకాలంలో పదిహేను రోజులకోసారి పొట్లాలు మారుస్తాను.

రిజర్వ్‌ను ఎన్నాళ్లకు తిరిగి మడవాలన్నదానిపై అమెరికా నిబంధన 2008 డిసెంబరు వరకు 120 రోజులు, ఆ తరువాత 180 రోజులు. నేను ఆ 180 రోజుల గడువునే పాటిస్తాను. సైప్రెస్‌ను కూడా నాలుగో ఏట, ఎనిమిదో ఏట తయారీదారు తనిఖీకి పంపాను. పంపిన ప్రతిసారీ అది లేని వారాల్లో వేరొకరి ఏఏడీని అద్దెకు తీసుకోవలసి రావడం, రవాణా ఖర్చు, కస్టమ్స్ కాగితాలు నన్ను బాగా విసిగించాయి. మన దేశంలో ఉండి వాడేవారు ఈ ఖర్చును కొనే ధరలో కలుపుకునే లెక్క వేసుకోవాలి. విమానాశ్రయాల్లో మాత్రం అనుకున్నంత ఇబ్బంది కలగలేదు. రిగ్ లోపల పరికరం ఎక్స్-రేలో ఎలా కనిపిస్తుందో చూపే కార్డును తయారీదారే ఇస్తారు. దానిని చేతిలో ఉంచుకుని, గంట ముందుగా వెళ్లి, అడిగినవాటికి ఓపికగా జవాబు చెప్పాను.

ఏడాదికి రెండు మూడు యాత్రలు మాత్రమే చేసే నాబోటి వారికి అసలు ప్రమాదం మరపు. అమెరికా పారాచూట్ సంఘం 'ఎ' లైసెన్సుకు 25 దూకుళ్లు, 'బి'కి 50, 'సి'కి 200 కోరుతుంది. 'ఎ' లైసెన్సువారు 60 రోజులు, 'బి'వారు 90 రోజులు దూకకుండా ఉంటే శిక్షకుడితో మళ్లీ పాఠం దిద్దుకోమంటుంది. నాకు 'సి' లైసెన్సు ఉన్నా, ప్రతి యాత్రలోనూ మొదటి రోజు ఉదయం వేలాడే హార్నెస్‌లో (ఒంటికి బిగించే పట్టీల్లో) కూర్చుని విద్యార్థిలాగే అత్యవసర పాఠం చేస్తాను. ఇంట్లో కూడా వారానికి మూడుసార్లు రిగ్ కట్టుకోకుండానే, ఛాతీ మీద పిడులు ఉండే చోట చేతులు పెట్టి, చూడు, పట్టుకో, లాగు అంటూ పది సార్లు చేస్తాను. 'బి' లైసెన్సుకు తప్పనిసరి అయిన నీటి శిక్షణను ఒక ఈతకొలనులో చేశాను. హార్నెస్‌తో నీటిలో పడి, పైన తడి గుడ్డ కప్పుకుపోగా, కుట్టు వెంట చేతులు జరుపుకుంటూ అంచు చేరడం నేర్చుకోవాలి. చిన్నప్పటి నుంచి సముద్రంలో ఈదినవాడినైనా, తొలిసారి నాకు ఊపిరాడలేదు. నేవీ డే విన్యాసాల్లో ఆర్.కె. బీచ్ మీద పారాచూట్లతో దిగే నావికులను చూసి ఉత్సాహపడి నన్ను సలహా అడిగే కుర్రవాళ్లకు మొదట ఈతకొలను గురించే చెబుతాను.

వారిలో కొందరు చవకగా దొరుకుతున్నదని పాత ఏఏడీ కొనబోతారు. తయారైన తేదీ, తనిఖీల నమోదు చూడకుండా పైసా ఇవ్వవద్దు. నా పెట్టె 2014లో తయారైనది కనుక దాని జీవితం సుమారు పన్నెండేళ్లు. ఇంకా దీపం వెలుగుతున్నా, సున్నా చూపుతున్నా, గడువు తీరిన తరువాత దానిని నమ్మకూడదు. విద్యార్థుల కోసం వేరే రకం ఉంది: అది సెకనుకు 13 మీటర్ల వేగానికే మేల్కొంటుంది. అనుభవజ్ఞులు దానిని వాడితే, చిన్న పారాచూట్‌ను వేగంగా మలుపు తిప్పినప్పుడు ఆ వేగం దాటి రిజర్వ్ కూడా తెరుచుకోవచ్చు. అందుచేత మీటపై రంగు, రాత చూసి ఏ రకమో తేల్చుకున్న తరువాతే బేరం మాట్లాడాలి.

నాన్నగారికి ఈ నెల జవాబు చెప్పాను. అది పనిచేయలేదు, పనిచేయవలసి వచ్చే చోటికి నేను చేరకుండా ఉండేందుకు ఏం చేయాలో ప్రతి సెలవు రోజూ నా చేత చేయించింది. ఆయన కాసేపు ఆలోచించి, "మరి కొత్తది ఎంతట?" అని అడిగారు. ధర చెప్పాను. కొత్తది ఆర్డరు పెట్టాను. పాతదానిని జ్ఞాపకంగా అద్దాల బీరువాలో పెట్టుకోవాలని ఉన్నా, అందులోని కట్టర్‌లో ఇంకా మందుగుండు ఉంది. రిగ్గర్ చేతికి అప్పగించి, సరైన పద్ధతిలో తొలగించమని కోరుతున్నాను.