వీడియో మీద ఉరికే కామెంట్లు: 15 రోజులు చూసినాక నా రివ్యూ

ముందే చెప్తాండా, నాకు జపనీస్ ఒక్క ముక్క రాదు. ఏడు రోడ్ల కాడ కారం దోశ తింటాంటే మా పిన్నమ్మ కొడుకు ఫోన్ చూపించి "నికోనికో చూడన్నా, వీడియో కంటే దాని మీద పోయే కామెంట్లే మజాగా ఉంటాయి" అన్యాడు, ఆ మాట పట్టుకోని 15 రోజులు కూసున్యా.

జపాన్ సైటు ఇది, 2006 నుంచి ఉంది. యూట్యూబ్‌లో కామెంట్లు చదవాలంటే కిందికి జరపాల కదా, ఇక్కడ వీడియో మీదనే కుడి నుంచి ఎడమకి అక్షరాలు ఉరుకుతాంటాయి. కిటుకు ఏందంటే ప్రతి కామెంటూ వీడియోలో ఆ సెకనుకే అతుక్కోని ఉంటాది, ఎవురో ఏండ్ల కింద రాసింది, నిన్న రాత్రి ఇంకొకరు రాసింది రెండూ పక్కపక్కనే పోతాంటాయి, లైవ్ కాకున్యా అందరూ మనతోనే కూసోని చూస్తాన్నట్టు ఉంటాది. దీన్ని దన్‌మకు అంటారు, స్క్రీన్ నిండా గుండ్లు కురిసే షూటింగ్ గేముల నుంచి వచ్చిన పేరు. చైనాలో బిలిబిలి (2009) కూడా ఇదే పద్ధతి, అక్కడ మనిషి మొహానికి అడ్డం రాకుండా అక్షరాలు వెనకపక్క నుంచి పోయే ఏర్పాటు గూడా ఉంది, అది మాత్రం భలే నచ్చింది.

నేను చూసింది ఎక్కువ రైలు వీడియోలే, డ్రైవర్ అద్దంలోంచి పట్టాలు కనపడేవి. మామూలుగా అయితే రెండు నిమిషాలకే మూసేసేటోన్ని, 40 నిమిషాలు కదల్లా! స్టేషన్ రాంగానే 8888 అని ఒకటే జల్లు, మనకి చప్పట్లు టపటపా అయితే వాళ్లకి పచిపచి, 8 ని హచి అంటారు, అందుకని అట్ల కొడతారు. నవ్వొస్తే డబ్ల్యూలు (w) వరసగా, జపనీస్‌లో వరాయి (warai) అంటే నవ్వు, దాని మొదటి ఇంగ్లీషు అక్షరం అది కాబట్టి. సినిమా రిలీజ్ రోజు నేల టికెట్లో ఈలల మధ్య కూసున్నట్టే.

కానీ మూడో రోజుకి గమనించినా, నేను రైలు చూడట్లా, చప్పట్లు ఎప్పుడొస్తాయా అని చూస్తాండా. ఒక వీడియో కామెంట్లతో చూసి, ఆఫ్ చేసి మళ్లీ చూస్తే సగం సీన్లు కొత్తగా ఉండాయి. ఫోన్లో ఇంగా కష్టం, చిన్న స్క్రీన్ కదా, అక్షరాలే కనపడతాయి. మా అమ్మ చూసి "ఏందిరా ఆ బొమ్మ మీద చీమల బారు" అనింది. ఆఫ్ బటన్ ఉంది, నచ్చని మాటలు రాకుండా ఫిల్టర్ గూడా పెట్టుకోవచ్చు.

ఇంకొక సైట్లో (పేరొద్దులే) హత్య కథ చూస్తాంటే ట్రాన్స్‌లేట్ పెట్టినా, పది నిమిషాలకే హంతకుడెవరో ఒకడు రాసి పెట్టినాడు. భాష రాకపోవడమే మేలు అనుకుంటి.

కామెడీకి, ఆటలకి, రైళ్లకి ఆన్, కథలకి ఆఫ్. 5 కి 3.5 ఇస్తా. నేను కూడా ఒక స్టేషన్ కాడ 888 కొట్టి, తెల్లారి పోయి ఎతికినా, అక్కడ అందరివీ 888 లే, నాది ఏదో తెలీల్యా.